ఖాళీకీ ఒక తేదీ ఉంటుంది

రైల్వే పర్సనల్ బ్రాంచిలో ప్రతి నెలా ఒక పట్టిక తయారవుతుంది. హోదా, శాంక్షన్, ఆన్ రోల్, ఖాళీ అని నాలుగు గళ్లు. రెండో గడిలోంచి మూడోది తీసేస్తే నాలుగోది వస్తుంది. క్యాడర్ పొజిషన్ అంటారు దాన్ని. నా ఉద్యోగంలో చాలా భాగం ఈ పట్టికలతోనే గడిచింది. ఆ నాలుగో గడి ఒక్కదాన్నే చూసి మనుషుల్ని అడిగితే ఎప్పుడూ తక్కువే అడుగుతాం. ఇవాళ కనబడే ఖాళీలోకి కొత్త మనిషి ఇవాళ రాడు. నోటిఫికేషన్, పరీక్షలు, మెడికల్, ట్రైనింగ్ అన్నీ దాటి అతను సొంతంగా డ్యూటీ ఎక్కేసరికి రెండేళ్లు పట్టినా ఆశ్చర్యం లేదు. ఆ రెండేళ్లలో ఇంకెంతమంది వెళ్లిపోతారన్నది పట్టికలో ఉండదు. మనమే కట్టుకోవాలి. ఎలా కట్టాలో వరసగా చెబుతాను.

ఈ పని నేర్చుకోవడానికి సికింద్రాబాద్‌ను మించిన ఊరు లేదు. వాడి జంక్షన్ నుంచి 1874లో ఇక్కడికి రైలు వచ్చింది. లాలాగూడ వర్క్‌షాపు 1893 నాటిది. దక్షిణ మధ్య రైల్వే 1966 అక్టోబర్ 2న పుట్టినప్పటి నుంచీ జోన్ కేంద్రం ఇదే. పోస్టులు మంజూరయ్యే రైల్ నిలయం, పరీక్ష పెట్టే రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డు, లెవెల్ 1 వాళ్లను తీసుకునే రిక్రూట్‌మెంట్ సెల్, కొత్తవాళ్లకు పాఠాలు చెప్పే మౌలాలి శిక్షణ సంస్థ, సిగ్నల్ ఇంజనీర్లకు తార్నాకలోని ఇరిసెట్, అన్నీ ఒకే ఊళ్లో ఉన్నాయి. ఒక ఖాళీ కాగితం మీద పుట్టి మనిషిగా మారేదాకా నడిచే దారంతా ఇక్కడ ఒక ఆటోలో తిరిగి చూడొచ్చు.

మొదట పట్టుకోవాల్సింది శాంక్షన్ పుస్తకం. ఏ యూనిట్‌లో ఏ హోదా పోస్టులు ఎన్ని, ఏ లెవెల్‌లో, పర్మనెంటా లేక ఏదైనా పని కోసం తాత్కాలికంగా ఇచ్చినవా అన్నది అందులో ఉంటుంది. దీన్ని వేదంలా చూడకూడదు. శాంక్షన్ అంటే ఎప్పుడో ఒకనాటి పని పరిమాణానికి వేసిన లెక్క. ఆ తర్వాత లైను డబ్లింగ్ అయి ఉండొచ్చు, కరెంటు వచ్చి ఉండొచ్చు, గేటు మూసేసి కింద నుంచి దారి వేసి ఉండొచ్చు. పోస్టు మాత్రం పాత చోటే ఉంటుంది. ఇంకోచోట పని పెరిగినా పోస్టు ఉండదు. కాబట్టి పుస్తకం తెరవగానే వేయాల్సిన ప్రశ్న ఒకటే: ఇక్కడ ఈ పని ఇప్పుడు ఉందా?

మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర 2014 జూలై 24న ప్యాసింజర్ రైలు స్కూలు బస్సును ఢీకొన్నది కాపలా లేని గేటు దగ్గర. కాపలా లేదంటే అక్కడ శాంక్షన్ లేదని అర్థం. లేని పోస్టు ఏ పట్టికలోనూ ఖాళీగా కనబడదు. ఆ పిల్లలు పోయిన రోజున కూడా లెక్కల ప్రకారం అక్కడ కొరత లేదు. బ్రాడ్‌గేజ్ మీద కాపలా లేని గేట్లన్నీ 2019 జనవరి నాటికి తీసేశారు. నేను మాత్రం ఖాళీ సున్నా అని ఉన్న వరసను ఆ ప్రమాదం నుంచీ తేలిగ్గా దాటలేకపోయాను.

తర్వాతిది ఆన్ రోల్ గడి. ఇక్కడ మూడు చోట్ల నుంచి లెక్క వస్తుంది: జీతాల బిల్లు, కంప్యూటర్‌లోని సిబ్బంది రికార్డు హెచ్ఆర్ఎంఎస్, సీనియారిటీ లిస్టు. మూడూ ఒకే అంకె చెప్పాలి. మొదటిసారి ఎప్పుడూ చెప్పవు. ఒకతను ప్రమోషన్ వచ్చి వేరే డిపోకి వెళ్లినా పాత యూనిట్ బిల్లులోనే జీతం తీస్తుంటాడు. మెడికల్‌లో ఫెయిలై డీక్యాట్ అయిన లోకో పైలట్ వేరే పని దొరికేదాకా అదనపు పోస్టు మీద ఉంటాడు. కొందరు ట్రైనింగ్‌లో, ఒకరిద్దరు సస్పెన్షన్‌లో, ఒకరు ఎనిమిది నెలలుగా డ్యూటీకి రాకుండా ఉంటారు. వీళ్లంతా రోల్ మీదే ఉన్నారు. రాత్రి రెండింటికి బండి వస్తే సిగ్నల్ ఇవ్వడానికి వీళ్లలో ఒక్కరూ ఉండరు.

అందుకే నేను ఆన్ రోల్ గడిని రెండుగా చీల్చేవాణ్ని. జీతం బిల్లులో ఉన్నవాళ్లు ఒక గడి, నిజంగా డ్యూటీ చార్టులో ఉన్నవాళ్లు ఇంకో గడి. రెండో అంకె కోసం కంప్యూటర్‌ను నమ్ముకుంటే సరిపోదు. సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసి పేర్లు చదివించుకోవాలి. ఒక డివిజన్‌కి ఈ పని చేయడానికి పది రోజులు పడుతుంది. ఆ పది రోజులు పెట్టనివాళ్లు తర్వాత రెండేళ్లు తిప్పలు పడతారు.

ఇప్పుడు పుట్టిన తేదీలు. ఈ పనిలో నాకు బాగా ఇష్టమైనదీ, తప్పు చేసి బుద్ధి తెచ్చుకున్నదీ ఇక్కడే.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అరవై నిండిన నెల ఆఖరి రోజున దిగిపోతాడు. కానీ ఒకటో తేదీన పుట్టినవాడు అంతకుముందు నెల ఆఖరి రోజునే దిగిపోతాడు. రూలు చిన్నదే. మన పల్లెల్లో పుట్టినవాళ్ల రిజిస్టర్లు తెరిచి చూస్తే దాని బరువు తెలుస్తుంది. ఒక తరం వాళ్లకు పుట్టిన తేదీ వేసింది అమ్మ కాదు, బళ్లో వేసేటప్పుడు హెడ్మాస్టరు. అందుకే జూన్ ఒకటి, జూలై ఒకటి తేదీలు రిజిస్టర్లలో కుప్పలు కుప్పలుగా కనబడతాయి. పట్టాలు చూసే ఒక గ్యాంగ్‌లో కీమన్‌ని నేనోసారి అడిగాను. "సంక్రాంతి కాలంల పుట్టిన్నని మా అవ్వ చెప్పేది సార్. బడిల ఏసినప్పుడు సార్లే జూలై ఒకటి అని రాసిండ్రు" అన్నాడు. "మరి మార్పించుకోలేదా అన్నా?" అంటే, "యాభై ఏండ్ల సంది గదే నా పుట్టినరోజు సార్, ఇప్పుడు మారిస్తే నాకే తెల్వదు" అన్నాడు.

జూలై ఒకటిన పుట్టినవాళ్లంతా జూన్ 30న దిగిపోతారు. (జూలై ఒకటిన రావాల్సిన ఇంక్రిమెంట్ ఒక్కరోజు తేడాతో పోతోందని ఇలాంటివాళ్లు కోర్టులకెక్కారు. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వాళ్ల పక్షాన తీర్పు ఇచ్చింది.) నేను పనిచేసిన ఒక ఆఫీసులో రిటైర్మెంట్ లిస్టు తీయడానికి ఎక్సెల్‌లో ఫార్ములా రాశాను. పుట్టిన తేదీకి అరవై ఏళ్లు కలిపి ఆ నెల ఆఖరి రోజు చూపించమన్నాను. ఒకటో తేదీ రూలు ఫార్ములాలో పెట్టలేదు. జూన్ 30న వెళ్లాల్సినవాళ్లను అది జూలై 31కి చూపించింది. ఒక గ్యాంగ్‌లో ముగ్గురు ఆ సాయంత్రమే దండలు వేయించుకుని వెళ్లిపోయారు. వాళ్ల బదులు మనుషుల్ని నేను ఆగస్టు ఒకటికి సర్దిపెట్టాను. మధ్యలో జూలై అంతా వానలు. రాత్రిపూట లాంతరు, డిటోనేటర్లు పట్టుకుని కట్ట కోసుకుపోయిందా, వంతెన దగ్గర నీళ్లు ఎక్కాయా అని నడిచి చూసే పెట్రోలింగ్ కాలం. మిగిలినవాళ్లు ముగ్గురి నడకా తామే నడిచారు. ఏ ప్రమాదమూ జరగలేదు. కానీ ఆ నెల వాళ్లు పోగొట్టుకున్న వారపు సెలవులు నా ఫార్ములాలో రాయని ఒక్క షరతు వల్ల పోయినవి. ఆ తర్వాత ప్రతి రిటైర్మెంట్ లిస్టునూ సర్వీస్ రిజిస్టర్ మొదటి పేజీతో పోల్చి చూసుకున్నాను. అక్కడ పుట్టిన తేదీ అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసి, కింద ఆ మనిషి సంతకమో వేలిముద్రో ఉంటుంది. కంప్యూటర్‌లో ఎక్కించేటప్పుడు నాలుగు ఒకటి కావడం, ఒకటి ఏడు కావడం మామూలే. ఆ పేజీ చూడకుండా ఏ రిపోర్టు మీదా సంతకం పెట్టకూడదు.

వయసును ఐదేళ్ల మెట్లుగా విడగొట్టి చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. కొన్ని మెట్లు ఉబ్బి ఉంటాయి, కొన్ని పలచబడి ఉంటాయి. ఏ ఏడాది పెద్ద రిక్రూట్‌మెంట్ జరిగింది, ఏ ఏళ్లలో ఆపేశారు అన్నది అక్కడ తెలిసిపోతుంది. ప్రభుత్వ నిర్ణయాలు కూడా అందులో అచ్చుపడతాయి. కేంద్రం 1998లో పదవీ విరమణ వయసును 58 నుంచి 60కి పెంచినప్పుడు రెండేళ్లపాటు వయసు మీద దిగిపోయేవాళ్లు దాదాపు లేరు. తెలంగాణ ప్రభుత్వం 2021 మార్చిలో 58ని 61 చేసింది. రిటైర్మెంట్లు మళ్లీ మొదలైంది 2024 మార్చిలో. ఆ మూడేళ్లూ రిపోర్టుల్లో ఖాళీలు పెరగలేదు. ఖాళీలు తగ్గాయని ఎవరైనా సంతోషించి ఉంటే అది పొరపాటు. అవి వాయిదా పడ్డాయి, అంతే. వయసు మెట్లు చూసినవాళ్లకు ఏ నెలలో మీద పడతాయో కూడా ముందే తెలుసు.

ఇప్పుడు రోజుకి ఇరవై నాలుగు గంటలూ నడిచే పోస్టు లెక్క. చిన్న స్టేషన్‌లో ఒక స్టేషన్ మాస్టర్ ఎప్పుడూ ఉండాలనుకోండి. వారానికి 168 గంటలు. ఒక మనిషి 48 గంటలు పనిచేస్తాడు. భాగిస్తే మూడున్నర. ముగ్గురు మూడు షిఫ్టులకు, ఆ అర మనిషి వాళ్ల వారపు సెలవుల కోసం. రెండు స్టేషన్లకు కలిపి ఒక రెస్ట్ గివర్. ఇరవై స్టేషన్లుంటే 60 మంది షిఫ్టులకు, పది మంది రెస్ట్ గివర్లు, మొత్తం 70. ఇక వీళ్లకు జ్వరం వస్తుంది, కూతురు పెళ్లి వస్తుంది, రిఫ్రెషర్ కోర్సుకి మౌలాలి వెళ్లాలి. అందుకు లీవ్ రిజర్వు వేయాలి. అది 12.5 శాతం అనుకుంటే ఇంకో తొమ్మిది మంది. మొత్తం 79.

పట్టికలో శాంక్షన్ 79, ఆన్ రోల్ 70 అని ఉంటే చదివే అధికారికి 11 శాతం ఖాళీ అని కనబడుతుంది, పెద్దగా పట్టించుకోడు. ఆ తొమ్మిది ఏ తొమ్మిదో తెలిసినవాడికి మాత్రం ఇంకొకటి కనబడుతుంది. షిఫ్టులు ఆగవు కాబట్టి షిఫ్టుల 60 ఎప్పుడూ నిండుతాయి. పోయేది సెలవు ఇచ్చే మనిషి. ఇరవై స్టేషన్లలో ఎవరికి ఎప్పుడు సెలవు కావాలన్నా ఒక్కరూ మిగలరు. ఖాళీ ఎప్పుడూ సెలవు మీదా నిద్ర మీదా పడుతుంది. ఇలాంటి క్యాటగిరీల్లో శాతంతో పాటు షిఫ్టులు, రెస్ట్, లీవ్ అని మూడు ముక్కలుగా విడగొట్టి రాస్తే ఆ అధికారి ముందు మన తరఫున ఎవరూ వాదించనక్కర్లేదు.

అసలైన ముందు లెక్కకు లోకో పైలట్ల వరసంత మంచి ఉదాహరణ లేదు. అసిస్టెంట్ లోకో పైలట్లు కుర్రవాళ్లు. వాళ్లలో రిటైరయ్యేవాళ్లు చాలా తక్కువ. రిటైర్మెంట్ లిస్టు మాత్రమే చూసేవాడు ఈ క్యాటగిరీకి ఢోకా లేదనుకుంటాడు. కానీ పైన మెయిల్ బండి నడిపే పెద్దాయన దిగిపోగానే ప్యాసింజర్ వాడు మెయిల్‌కి, గూడ్స్ వాడు ప్యాసింజర్‌కి, సీనియర్ అసిస్టెంట్ గూడ్స్‌కి ఎక్కుతారు. ఖాళీ చివరికి కింద తేలుతుంది. పైమెట్టు పుట్టిన తేదీలు చూడకుండా కిందిమెట్టు ఖాళీ చెప్పలేం.

కాగితం మీద ఒక డిపో వేసుకుందాం, అంకెలన్నీ ఊహే. అసిస్టెంట్ లోకో పైలట్ల శాంక్షన్ 400, రోల్ మీద 330. ఇవాళ్టి ఖాళీ 70. రాబోయే రెండేళ్లలో గూడ్స్‌కి ప్రమోషన్ మీద పోయేవాళ్లు 60, రిటైరయ్యేవాళ్లు 3, డీక్యాట్ అయ్యేవాళ్లు 8, సొంత ఊరికి దగ్గరగా వేరే రైల్వేకి బదిలీ అయ్యేవాళ్లు 10, ఇంకో ఉద్యోగం వచ్చి రాజీనామా చేసేవాళ్లు 9. మొత్తం 90. ఇటు వచ్చేవాళ్లు: ట్రైనింగ్‌లో ఉన్నవాళ్లు 25, బదిలీ మీద వచ్చేవాళ్లు 5. కాబట్టి 70కి 90 కలిపి 30 తీసేస్తే 130. ఇండెంట్, అంటే మనుషులు కావాలని అడిగే కాగితం, పెట్టాల్సింది 130కి, 70కి కాదు. ప్రమోషన్లు, రిటైర్మెంట్లు తేదీలతో సహా మనకు తెలుసు. డీక్యాట్, రాజీనామాలకు గత ఐదేళ్ల సగటు తీసుకోవాలి. అయితే ఏ ఏడాదైనా వేరే పెద్ద రిక్రూట్‌మెంట్ ఫలితాలు వచ్చి ఉంటే ఆ ఏడాది రాజీనామాలు ఎగబాకి ఉంటాయి. దాన్ని పక్కన పెట్టి సగటు కట్టి, మళ్లీ అలాంటి ఫలితాలు వచ్చే ఏడాదికి విడిగా కలుపుకోవాలి. ఈ లెక్కంతా ఇవాళ్టి బండ్లకే. కొత్త లైను తెరిచినా గూడ్స్ పెరిగినా క్రూ రివ్యూ చేసి శాంక్షనే మార్చాలి.

ఇది ఆఫీసు గదిలోని లెక్కే అనుకునేవాళ్లకు 2024 చెప్పాలి. ఆ జనవరిలో దేశం మొత్తానికి 5,696 అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. జోన్ల నుంచి అదనపు డిమాండ్ వచ్చి, జూన్‌లో ఆ సంఖ్య 18,799 అయింది. మూడింతలకు పైమాటే. ఐదు నెలల్లో అంతమంది వెళ్లిపోలేదు కదా. మొదటి అంకె ఏ లెక్క మీద వేశారన్నదే నా ప్రశ్న. మొదటి పరీక్ష ఆ నవంబర్‌లో జరిగింది, రెండోది 2025 మేలో. ఆ తర్వాత ఆప్టిట్యూడ్ పరీక్ష, సర్టిఫికెట్లు, ఏ-1 మెడికల్, ట్రైనింగ్. నోటిఫికేషన్ రోజున అప్లై చేసిన కుర్రాడు రెండేళ్లకు ఇంజన్ ఎక్కినా త్వరగా ఎక్కినట్టే. ఏటా నిర్ణీత నెలల్లో నోటిఫికేషన్లు ఇచ్చే క్యాలెండర్ 2024 నుంచి మొదలైంది. నాకు అది చాలా మంచి మార్పుగా కనబడుతుంది. నోటిఫికేషన్ ఏటా వస్తుందని తెలిస్తే ఇండెంట్ వేసేవాడు భయపడి ఎక్కువా వేయడు, బద్ధకించి తక్కువా వేయడు.

సంఖ్య తేలాక రిజర్వేషన్ రోస్టర్. ఇక్కడ శాతాలతో గుణించేస్తే తప్పు. సుప్రీంకోర్టు 1995లో సభర్వాల్ కేసులో చెప్పినదాని ప్రకారం రిజర్వేషన్ పోస్టును పట్టి నడుస్తుంది. ఏ వర్గానికి చెందిన పాయింటు మీద ఉన్న మనిషి వెళ్లిపోతే ఆ వర్గం నుంచే నింపాలి. కాబట్టి రాబోయే రెండేళ్లలో వెళ్లిపోయేవాళ్ల జాబితా పక్కన వాళ్ల రోస్టర్ పాయింట్లు కూడా రాసుకుంటే ఇండెంట్ దానంతటదే విడిపోతుంది. దివ్యాంగులకు తగిన పోస్టులు ఏవో ముందే గుర్తించాలి, మాజీ సైనికుల వాటా చూడాలి. ఇది శ్రద్ధ తప్ప తెలివి అడిగే పని కాదు. కానీ ఇక్కడ దొర్లిన తప్పు కోర్టుకెక్కితే మొత్తం ప్యానెల్ ఆగిపోతుంది.

జోన్ చీలినప్పుడు ఈ రిపోర్టులకు అసలు పరీక్ష. 2003లో హుబ్లీ డివిజన్ నైరుతి రైల్వేకి వెళ్లింది, గుంటూరు, నాందేడ్ కొత్త డివిజన్లయ్యాయి. ఇప్పుడు విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే వంతు. 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు, ప్రధాన కార్యాలయానికి 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. విజయవాడ, గుంటూరు, గుంతకల్ అటు, సికింద్రాబాద్, హైదరాబాద్, నాందేడ్ ఇటు. డివిజన్లలో ఎక్కడున్నవాళ్లు అక్కడే కాబట్టి పెద్ద చిక్కు లేదు. చిక్కంతా హెడ్‌క్వార్టర్స్ సిబ్బందితో. ఆప్షన్ అడగాలి. పోస్టులు ఎన్ని అటు పోతాయి, మనుషులు ఎందరు వెళ్తామంటారు అన్న రెండు అంకెలూ కలవవు. రాష్ట్రం విడిపోయినప్పుడు కమలనాథన్ కమిటీకి స్టేట్ క్యాడర్ ఉద్యోగులను పంచడానికి ఏళ్లు పట్టింది. సీనియారిటీ లిస్టు ఈనాటిదాకా సరిచేసి ఉన్న ఆఫీసుకు ఈ పని కష్టమైతే, అది లేని ఆఫీసుకు నరకం.

అందరికీ అందే రిపోర్టులు ఎలాంటివి? కేంద్రంలో వ్యయ విభాగం జీతభత్యాల మీద వేసే వార్షిక నివేదిక ప్రకారం 2021 మార్చి 1 నాటికి మంజూరైన పోస్టులు 40,35,203, ఖాళీలు 9,79,327. అందులో రైల్వేవి సుమారు 2.93 లక్షలు. తెలంగాణ మొదటి పీఆర్సీ తన నివేదికలో 4,91,304 పోస్టులకు 3,00,178 మంది పనిచేస్తున్నారనీ 1,91,126 ఖాళీలనీ చెప్పింది. దాదాపు 39 శాతం. ఇవి పత్రికల్లో పతాక శీర్షికలయ్యాయి. కానీ ప్లానింగ్‌కి వీటితో పని సగమే. ఏ ఊళ్లో, ఏ హోదాలో, ఏ వయసువాళ్లు అన్నది లేకుండా ఇండెంట్ రాదు. అమెరికాలో ఫెడరల్ సిబ్బంది లెక్కలను శాఖ, వృత్తి, వయసు, ప్రాంతం వారీగా ఎవరైనా చూసుకునేలా బయట పెడతారు. పేర్లు తీసేసి డిపో వారీగా వయసు మెట్లు మనమూ బయట పెట్టొచ్చు. పరీక్షకు చదువుకునే పిల్లలకు ఏ ఏడాది ఎన్ని పోస్టులు రావాలో ముందే తెలుస్తుంది. తక్కువ అడిగిన ఆఫీసును అడిగేవాళ్లు ఉంటారు.

చివరగా, రిపోర్టులో నేను కలిపిన ఐదో గడి. ప్రతి ఖాళీ పక్కనా ఒక తేదీ రాసేవాణ్ని: ఆ పని ఒక కొత్త మనిషి సొంతంగా మొదలుపెట్టే రోజు. ఇండెంట్ వేసినప్పుడు పెన్సిల్‌తో. పరీక్ష వాయిదా పడితే చెరిపి మళ్లీ. ప్యానెల్ వచ్చాక ఇంకోసారి. అసిస్టెంట్ లోకో పైలట్ అయితే ట్రైనింగ్ అయ్యాక కూడా ఆ తేదీ రాదు. సెక్షన్ అంతా పాతవాళ్లతో తిరిగి మలుపులు, గ్రేడియెంట్లు, సిగ్నళ్లు నేర్చుకుని, రోడ్డు నేర్చుకున్నానని సంతకం పెట్టాలి. అప్పుడొక రాత్రి క్రూ లాబీలో ఊపిరి పరీక్ష చేయించుకుని, రిజిస్టర్‌లో తన పేరు మొదటిసారి డ్యూటీ మీద చూసుకుంటాడు. మర్నాడు పొద్దున ఆ పెన్సిల్ తేదీ మీద సిరాతో దిద్దేవాణ్ని.